కళ్ళు పెద్దవి గీస్తే అనిమే అవుతుందా?

‘అనిమే’ అచ్చమైన జపాన్ మాట కాదు. ఇంగ్లిషు ‘యానిమేషన్’ను జపనీయులు తమ నోటికి అనువుగా మలుచుకుని, తోక కత్తిరించి ‘అనిమే’ అన్నారు. వాళ్ళ వాడుకలో అది కదిలే బొమ్మలన్నిటికీ పేరు. డిస్నీ తీసినదీ అనిమేయే, టోక్యోలో తీసినదీ అనిమేయే. ఆ తోక లేని మాటను ఇంగ్లిషు మళ్ళీ ఇంటికి తెచ్చుకుని ‘జపాన్‌లో తయారైన యానిమేషన్’ అనే కొత్త అర్థం తగిలించింది. జపాన్ కామిక్స్‌కు పేరైన మాంగా సంగతీ ఇంతే. జపాన్‌లో మాంగా, కొరియాలో మన్హ్వా, చైనాలో మన్‌హువా: మూలంలో ఉన్నవి అవే రెండు చైనా అక్షరాలు, పలికే తీరే వేరు. పేర్లే ఇన్ని ఇళ్ళు మారి వచ్చాయి. ఇక బయటి దేశాల్లో తయారైన బొమ్మల్లో ఏది అసలు, ఏది నకలు అని తేల్చడానికి అభిమానులు పడే యాతన చూస్తే కాస్త నవ్వు రాక మానదు.

అలాగని ఆ తగువు పూర్తిగా ఊకదంపుడు కూడా కాదు. 2005లో అమెరికా పిల్లల చానెల్ నికెలోడియన్ ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే సీరియల్ మొదలుపెట్టింది. 2008 దాకా 61 ఎపిసోడ్లు వచ్చాయి. సృష్టికర్తలు మైకేల్ డిమార్టినో, బ్రయాన్ కోనియెట్స్‌కో ఇద్దరూ అమెరికన్లు. బొమ్మలకు ప్రాణం పోసినవి కొరియా స్టూడియోలు. తెరమీద కనిపించే రాతలు చైనీసు. అవి తప్పుల్లేకుండా ఉండాలని ప్రత్యేకంగా ఒక సలహాదారును పెట్టుకున్నారు. కథలో తమ శక్తితో నీటిని ఆడించేవాళ్ళ కదలికలు తాయ్ చీ అనే చైనా యుద్ధవిద్య నుంచి, నిప్పును ఆడించేవాళ్ళవి ఉత్తర షావోలిన్ అనే మరో విద్య నుంచి వచ్చాయి. నవ్వుల దగ్గర, మౌనాల దగ్గర మాత్రం నడక జపాన్‌ది. దీన్ని ఏ గంపలో వేయాలి? పాస్‌పోర్టు చూసి తేల్చేవారికి జవాబు చిటికెలో దొరుకుతుంది: అమెరికా కార్టూన్. కానీ ఆ జవాబుతో తెలిసేది నిర్మాత చిరునామా మాత్రమే. జపాన్ నుంచి ఏం తీసుకున్నారు, తీసుకున్నది ఒంటికి పట్టిందా లేదా అన్నది వేరే లెక్క. ఆ లెక్కకు కళ్ళ సైజు పనికిరాదు.

ఎందుకంటే ఆ కళ్ళు కూడా సొంతవి కావు. ఆధునిక మాంగాకు దారి వేసిన ఒసాము తెజుకా 1928లో పుట్టాడు. డిస్నీ సినిమాలంటే ఆయనకు పిచ్చి. ‘బాంబీ’ని పదుల సార్లు చూసి, 1951లో దాన్ని మాంగాగా గీశాడు. ఆయన గీసిన గుండ్రటి ముఖాల్లో, పెద్ద కళ్ళల్లో అమెరికా కార్టూన్ల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో దారి చైనా నుంచి వచ్చింది. షాంఘైలో వాన్ సోదరులు డిస్నీ ‘స్నో వైట్’ చూసి ఉత్సాహపడి, చైనా పాత నవలలోని కోతిరాజు కథతో 1941లో ‘ప్రిన్సెస్ ఐరన్ ఫ్యాన్’ తీశారు. చైనాలో అదే మొదటి పూర్తినిడివి యానిమేషన్ చిత్రం. యుద్ధం నడుస్తుండగానే 1942లో అది జపాన్‌లో ఆడింది. చూసిన కుర్రాళ్ళలో తెజుకా ఒకడు. ఆ తరవాత ఆయన అదే కోతిరాజు మీద సొంతంగా మాంగా గీశాడు. అమెరికా నుంచి షాంఘైకి, షాంఘై నుంచి ఒసాకాకు నడిచి వచ్చిన శైలి అది. దాని మీద ఒక్క దేశం ముద్ర వేసి తాళం బిగించడం కుదిరే పని కాదు.

అయినా జపాన్ దాన్ని తనదిగా చేసుకున్న మాట నిజం. ఎలా చేసుకుందన్నదే అసలు విషయం, అందులో పేదరికం పాత్ర పెద్దది. 1963 జనవరి 1న తెజుకా స్టూడియో ‘ఆస్ట్రో బాయ్’ను టీవీలోకి తెచ్చింది. వారం వారం అరగంట బొమ్మలాట. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. నిండుగా కదిలే యానిమేషన్‌లో దాదాపు అన్ని ఫ్రేములకూ కొత్త బొమ్మ గీయాలి, మరీ తగ్గిస్తే సగం. టీవీ డబ్బుతో అది అసాధ్యం. అందుకే ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపారు. సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టారు. నోరు మాత్రమే కదిలేలా గీశారు, పాత బొమ్మలను దాచి మళ్ళీ వాడారు, కదలని చిత్రం మీద కెమెరాను జరిపారు. కదలికలో వచ్చిన కొరతను కూర్పుతో, సంగీతంతో, మౌనంతో పూడ్చుకోవలసి వచ్చింది. గత్యంతరం లేక పట్టిన దారే కొన్నేళ్ళకు అందమైంది. గాలికి జుట్టు ఒక్కటే ఎగురుతూ మనిషి కొయ్యబొమ్మలా నిలబడే ఆ దృశ్యం ఈ శైలికి గుర్తుగా మిగిలింది. దాని పుట్టుక మాత్రం ఖర్చుల పద్దులో ఉంది.

బయటివాళ్ళు ఈ శైలిని నేర్చుకునేటప్పుడు మొదట చేతికి చిక్కేవి చిల్లర సామాను. కణత మీద జారే పెద్ద చెమట చుక్క, కోపానికి నుదుటి మీద ఉబ్బిన నరం, నిద్రకు ముక్కు దగ్గర ఊగే బుడగ. జపాన్‌లో వీటికి ‘మన్పు’ అని పేరుంది. మాంగా లిపిలో ఇవి విరామచిహ్నాల వంటివి. ఒక వారం సాధన చేస్తే ఎవరికైనా వస్తాయి. చప్పుళ్ళ దగ్గరే చెయ్యి తడబడుతుంది. జపనీసులో శబ్దాన్ని అనుకరించే మాటలతో పాటు శబ్దమే లేనివాటిని పలికే మాటలూ కోకొల్లలు. తళుకుకు ‘కిరకిర’, గుండె కొట్టుకోవడానికి ‘దొకిదొకి’, చివరికి నిశ్శబ్దానికి కూడా ‘షీన్’ అనే మాటను బొమ్మ గడి నిండా పెద్ద అక్షరాలతో రాస్తారు. తెలుగు చదువరికి ఇందులో వింతేమీ తోచదు. మిలమిల, నిగనిగ, బిక్కుబిక్కు వినిపించే చప్పుళ్ళా? ఇంగ్లిషుకూ ఫ్రెంచికీ ఇంత సంపద లేదు. అందుకే అక్కడి చిత్రకారులు కొందరు జపాన్ అక్షరాలనే అలంకారంగా గీసి ఊరుకుంటారు, కొందరు ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. అక్షరాలను అర్థం లేని ముగ్గుగా వాడిన పేజీ ఎంత బాగా గీసినా అతుకు కనబడుతుంది.

చప్పుళ్ళను మించిన కష్టం కాలాన్ని ఖర్చుపెట్టడం. ఒక అమ్మాయి తన స్నేహితుడికి ఊరు వదిలి వెళ్తున్నానని చెప్పాలి. పాత పద్ధతి అమెరికా కామిక్స్‌లో అది ఒకటి రెండు గళ్ళ పని: ముఖం, మాటల బుడగ, ఎదుటివాడి ఆశ్చర్యం. అదే సంగతి మాంగాలో రెండు పేజీలు తీసుకోవచ్చు. కిటికీ చువ్వ మీద వాన చుక్క. చల్లారిన టీ కప్పు. కప్పు అంచు చుట్టూ తిరిగే వేలు. ఖాళీ వీధి. అప్పుడు ముఖం, అదీ సగమే. ఈ గళ్ళలో కథ అంగుళం కూడా కదలలేదు. ఒక్క క్షణమే నాలుగు వైపుల నుంచి కనిపించింది. కామిక్స్ వ్యాకరణాన్ని విడమరిచి చెప్పిన స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లోనే గమనించాడు: ఒకే చోటును, ఒకే మనఃస్థితిని ముక్కలు ముక్కలుగా చూపే ఇలాంటి గళ్ళు జపాన్ కామిక్స్‌లో తరచుగా కనిపిస్తాయి, పాశ్చాత్య కామిక్స్‌లో చాలా అరుదు.

అనిమే తరహా నిజంగా వంటబట్టిందా లేదా అని చూడడానికి ఇదే మంచి గీటురాయి. ‘అవతార్’ రెండో భాగంలో ఊరి కథలన్నీ గుదిగుచ్చిన ఒక ఎపిసోడ్ ఉంది. అందులో ఐరో అనే ముసలాయన రోజంతా వీధుల్లో తిరుగుతూ ఏడ్చే పిల్లవాణ్ణి ఊరడిస్తాడు, తనను దోచుకోబోయిన వాడికి నిలబడే పద్ధతి నేర్పి బుద్ధి మాటలు చెబుతాడు. అంతా సరదాగానే సాగుతుంది. సాయంత్రం ఒక గుట్టమీది చెట్టు కింద చిన్న గుడ్డ పరిచి, యుద్ధంలో పోయిన కొడుకు బొమ్మ పెట్టుకుని కూర్చుంటాడు. పగలు పిల్లవాడి కోసం పాడిన పాటనే మళ్ళీ అందుకుంటాడు, గొంతు పూడుకుపోతుంది. కెమెరా తొందరపడదు, మాటలు వివరించవు. పిల్లల చానెల్‌లో వచ్చే కార్టూన్ ఇంతసేపు ఊరికే కూర్చోవడం అప్పటికి అరుదు. ఆ ముసలాయనకు గొంతునిచ్చిన మాకో జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నటుడు. 2006లో మరణించాడు, ఎపిసోడ్‌లోని ఆ ముక్కను ఆయనకే అంకితం చేశారు. ఆ సీరియల్‌లో చెమట చుక్కలూ, బుంగమూతులూ కావలసినన్ని ఉన్నాయి. అవన్నీ తీసేసినా ఈ దృశ్యం నిలుస్తుంది. అరువు సార్థకమైన చోటు అది.

మరి అందరికీ ఎందుకు పట్టుబడదు? ప్రతిభ లేక అనుకోవడం తొందరపాటు. మాంగా వెనక ఒక కర్మాగారం ఉంది, అది ఎగుమతి కాలేదు. 1968లో మొదలైన కుర్రాళ్ళ మాంగా పత్రిక ‘షోనెన్ జంప్’ 1990ల నడుమ వారానికి 60 లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. అందులో ఒక్కో కథకు వారానికి ఇరవై పేజీలకు కాస్త అటూఇటూ. చిత్రకారుడి వెంట నేపథ్యాలు గీసే సహాయకులు, పక్కన కథను అడుగడుగునా నిలదీసే సంపాదకుడు, వెనక పాఠకులు కార్డుల మీద రాసి పంపే ఓట్లు. ఓట్లు రాని కథ కొన్ని వారాల్లోనే ముగిసిపోతుంది. ఏళ్ళ తరబడి సాగిన కథకు మాత్రం వేల పేజీల చోటు దొరుకుతుంది. టీ కప్పు మీద నాలుగు గళ్ళు ఖర్చుపెట్టే ధీమా ఆ చోటు ఇచ్చిందే. ఫ్రాన్స్‌లో పరిపాటి 48 పేజీల రంగుల ఆల్బమ్. అంత ఇరుకులో వాన చుక్కకు గడి కేటాయించాలంటే చెయ్యి రాదు.

అమెరికాలో టోక్యోపాప్ సంస్థ ఈ గోడను దాటాలని చూసింది. జపాన్ మాంగాను కుడి నుంచి ఎడమకు, ఉన్నదున్నట్టు చౌకగా అమ్మి పాఠకులను పెంచింది. 2002 నుంచి కొత్త చిత్రకారులకు పోటీలు పెట్టింది, కొత్తవారి చేత సొంత మాంగా గీయించింది. స్వెత్లానా చ్మకోవా ‘డ్రామాకాన్’ వంటి మంచి పుస్తకాలు అలా వచ్చాయి. కానీ పత్రిక లేదు, సహాయకులు లేరు. ఒక్క మనిషి ఒంటరిగా కూర్చుని 160 పైచిలుకు పేజీలు గీసి, పుస్తకం వచ్చేదాకా పాఠకుడి మొహం ఎరగకుండా ఎదురుచూడాలి. హక్కుల ఒప్పందాల మీద విమర్శలు రేగాయి. 2008లో సంస్థ కుదించుకుపోయినప్పుడు చాలా కథలు నడుమనే ఆగాయి, 2011లో అమెరికా ప్రచురణ విభాగం మూతపడింది. ఆ కథల్లో కొన్ని ఇప్పటికీ రెండో భాగం చివరి పేజీ దగ్గరే నిలబడి ఉన్నాయి.

ఫ్రాన్స్ కథ నిదానంగా నడిచింది, అందుకే నిలదొక్కుకుంది. 1978లో ‘గోల్డొరాక్’ పేరుతో ఒక జపాన్ రోబో సీరియల్ అక్కడి టీవీలో వచ్చి పిల్లలను ఊపేసింది. పెద్దలు భగ్గుమన్నారు; 1989లో రాజకీయ నాయకురాలు సెగొలెన్ రొయాల్ పిల్లల టీవీ మీద ఏకంగా పుస్తకమే రాసి, జపాన్ కార్టూన్ల హింసను దుయ్యబట్టారు. ఆ తిట్ల మధ్య పెరిగిన పిల్లలే పెద్దయ్యాక కుంచె పట్టారు. టోనీ వలాంట్ 2013లో ‘రేడియంట్’ మొదలుపెట్టాడు: నలుపు తెలుపు, కుడి నుంచి ఎడమకు, అచ్చం షోనెన్ (కుర్రాళ్ళ మాంగా) పద్ధతి. ఆకాశం నుంచి రాక్షసులు రాలుతుంటారు. వాటి స్పర్శ తగిలి బతికినవాళ్ళు మాంత్రికులవుతారు, జనం వాళ్ళను వెలివేస్తారు. వాళ్ళను వేటాడే సంస్థ పేరు ఇన్‌క్విజిషన్, ఒకప్పుడు ఐరోపాలో మతద్రోహులను విచారించిన చర్చి న్యాయస్థానాల పేరే. ఒక నగరంలో వలస వచ్చినవాళ్ళ మీదికి జనాన్ని ఉసిగొల్పే అధికారి కథ కూడా ఉంది. పైకి పోరాటాల బొమ్మలే కనిపించినా లోపలున్నవి ఐరోపా భయాలు: మంత్రగత్తెల వేట, వలసవాసుల మీద ద్వేషం. 2015లో అది జపనీసులోకి అనువాదమైంది, 2018లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే విద్యా చానెల్‌లో అనిమేగా వచ్చింది. జపాన్ పాఠకులకు తమ పాఠశాల కథను ఫ్రాన్స్ నుంచి దిగుమతి చేసుకోవలసిన అవసరం లేదు. ఇది వాళ్ళ దగ్గర లేని సరుకు.

తేలిపోయిన ప్రయత్నాల్లో ఈ సరుకే కనబడదు. చెర్రీ పూలు రాలే బడి, మేడ మీద మధ్యాహ్న భోజనం, పేరు చివర ‘సెన్‌పాయ్’ (సీనియర్), అపశ్రుతి లేని పండుగ రాత్రి. ఆ బడిలో ఒక్కరోజు కూడా చదవని రచయిత, ఇతరుల మాంగాల్లో చూసిన బడిని తిరిగి గీస్తాడు. అది జపాన్‌కు నకలు కూడా కాదు, నకలుకు నకలు. జపాన్ మీద ప్రేమకు అందులో కొదవ ఉండదు గానీ చదివినవారికి ఒక్క కొత్త సంగతీ తెలియదు. బ్రెజిల్‌లో కామిక్స్ చిత్రకారుడు మవురీసియో డి సోజా ఈ ఊబిలో పడలేదు. తెజుకాకు స్వయానా మిత్రుడైన ఆయన, దశాబ్దాలుగా ఆ దేశపు పిల్లలందరికీ తెలిసిన తన కామిక్స్ పాత్రలైన మోనికా బృందాన్ని 2008లో కౌమారంలోకి పంపి, ‘మాంగా శైలిలో’ అని అట్టమీదే రాసి విడుదల చేశాడు. నలుపు తెలుపు పేజీలు, ముద్దుగా కుదించుకుపోయే ముఖాలు అన్నీ ఉన్నాయి, కానీ చదవడం ఎడమ నుంచి కుడికే. పాఠకులకు ఏది అలవాటో అది ఉంచి, ఏది కావాలో అది తెచ్చాడు. జపాన్ మూలాలున్న జనం పెద్ద సంఖ్యలో ఉన్న దేశం కావడం కూడా కొంత కలిసొచ్చింది.

ఇక ‘జపాన్‌లో తయారైతేనే అనిమే’ అనే నిబంధన దగ్గరికి వస్తే, దాన్ని పట్టుబట్టి అమలు చేస్తే జపాన్ సీరియళ్ళే బోనెక్కుతాయి. ముఖ్యమైన భంగిమల మధ్య కదలికలు పూరించే బొమ్మలను జపాన్ స్టూడియోలు దశాబ్దాలుగా కొరియాకూ, చైనాకూ, ఫిలిప్పీన్స్‌కూ పంపుతున్నాయి. తోయే యానిమేషన్ సంస్థకు ఫిలిప్పీన్స్‌లో సొంత శాఖే ఉంది. చివర్లో గబగబా దొర్లిపోయే పేర్ల పట్టికను ఆపి చదివితే విషయం బయటపడుతుంది. కొరియా చేతులు జపాన్ కోసం గీస్తే అనిమే, అవే చేతులు అమెరికా కోసం గీస్తే కాదు అనడంలో కళ తక్కువ, కిరాయి లెక్క ఎక్కువ. మరో విడ్డూరం: టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మాంటీ ఊమ్ 2013లో మొదలుపెట్టిన ‘రూబీ’ యానిమేషన్ సీరియల్‌ను అమెరికన్ అభిమానుల్లోనే చాలామంది అనిమేగా ఒప్పుకోలేదు. జపాన్ దానికి డబ్బింగ్ చెప్పించి థియేటర్లలో ఆడించింది, 2022లో అక్కడి షాఫ్ట్ స్టూడియో అదే కథాలోకంతో సొంత సీరియల్ తీసింది. కాపలా కాసేవాళ్ళు గేటు దగ్గరే ఉండగా ఇంటివాళ్ళు అతిథిని లోపలికి పిలుచుకున్నారు.

ఇప్పుడు అరువు తీసుకున్నవాళ్ళే ఇచ్చేవాళ్ళవుతున్నారు. షాంఘై సంస్థ మిహోయో 2020 సెప్టెంబరులో విడుదల చేసిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ వీడియో ఆటలో మనుషులంతా అనిమే మూసలోవాళ్ళే. కానీ అందులోని లియువే అనే దేశంలో రాతి కొండలు, సరస్సులు, రేవు పట్టణం చైనావి. జపాన్‌కు నకలైన ఇనజుమా అనే దేశం కొన్ని నెలల తరవాతే తెరుచుకుంది. కొరియా మరింత దూరం పోయింది. అక్కడ ఇంటర్నెట్‌లో వచ్చే కామిక్స్, అంటే వెబ్‌టూన్, పేజీనే వదిలేసింది. ఫోను తెర మీద రంగుల బొమ్మలు పైనుంచి కిందికి జారుతూ పోతాయి. గడికీ గడికీ మధ్య తెల్లటి ఖాళీ ఎంత పొడవుంటే మౌనం అంతసేపు. మాంగా రెండు పేజీల్లో సాధించే ఆలస్యాన్ని ఇక్కడ బొటనవేలు సాధిస్తుంది. కాలాన్ని ఎలా ఖర్చుపెట్టాలో జపాన్ నుంచి నేర్చుకున్నా, ఖర్చుపెట్టే సాధనం వాళ్ళే చేసుకున్నారు.

ఆ వెబ్‌టూన్లు తిరిగి టోక్యోకు వెళ్ళి అనిమేలవుతున్నాయి. ‘సోలో లెవెలింగ్’ అందులో పేరుమోసినది. కొరియా నవల, కొరియా వెబ్‌టూన్, 2024 జనవరిలో జపాన్‌కు చెందిన ఏ-1 పిక్చర్స్ చేతుల్లో అనిమే. మూలంలో నాయకుడు సియోల్ నగరవాసి, పేరు సుంగ్ జిన్‌వూ. జపనీసు అనువాదంలో వెబ్‌టూన్ దశలోనే అతను టోక్యో కుర్రాడయ్యాడు, పేరు మిజుషినో షున్ అయింది. అనిమే వచ్చేసరికి చిక్కు ముదిరింది: ప్రపంచమంతా అతన్ని జిన్‌వూగా ఎరుగును, జపాన్ షున్‌గా ఎరుగును. అందుకని జపనీసు మాటలనే రెండు రకాలుగా రికార్డు చేశారు. అదే నటుడు, అదే భాష, అదే బొమ్మ, అదే పెదవుల కదలిక. స్వదేశీ ప్రసారంలో షున్, బయటి దేశాలకు వెళ్ళే ప్రతిలో జిన్‌వూ.